మత్తు తాకిన ఇంటి పిల్లల కాలేజీ చదువు: మన స్కాలర్‌షిప్‌కు ఏ షరతులు పెట్టాలి?

మన సొసైటీ స్కాలర్‌షిప్ దరఖాస్తులు ఏటా జూలైలో మా ముందుకు వస్తాయి. పరిశీలన సంఘంలో ఉన్నవాళ్ళం చాలావరకు ఉపాధ్యాయులమే కాబట్టి, అలవాటుగా మా చెయ్యి ముందు మార్కుల జాబితా మీదికే పోతుంది. తర్వాత హాజరు, ఆ తర్వాత ఆదాయ ధ్రువపత్రం చూస్తాం. మూడూ సరిగ్గా ఉన్న ఫారం కుడివైపు దొంతరలో చేరుతుంది, లేనిది ఎడమవైపుకు. కొన్నేళ్ళ కిందట మేము ఎడమవైపు పెట్టేసిన ఒక ఫారం గురించి ముందు చెప్పాలి.

ఆ అమ్మాయిది ఆదోని. పదో తరగతిలో, ఇంటర్లో మంచి మార్కులు. డిగ్రీ రెండో ఏట మూడు పేపర్లు మిగిలాయి, హాజరు అరవై శాతం దాటలేదు. "ఏమమ్మా, ఎందుకిట్లా?" అని అడిగితే, "ఒంట్లో బాగుండలేదు సార్" అంది. మేము ఇంకో ప్రశ్న అడగలేదు. కొన్ని నెలల తర్వాత ఆ వీధిలోనే ఉండే మా సహోపాధ్యాయురాలి ద్వారా సంగతి తెలిసింది. తండ్రి హమాలీ. పత్తి, వేరుశనగ యార్డుకు వచ్చే కాలంలో చేతిలో డబ్బు ఆడుతుంది, తాగుడూ అప్పుడే ఎక్కువ. రాత్రి ఎనిమిది దాటితే ఆ ఇంట్లో పుస్తకం తెరిచే వీలు లేదు. తల్లీ కూతురూ పక్కింటి అరుగు మీద కూర్చుని, ఆయన పడుకున్నాక లోపలికి పోయేవాళ్ళు. పరీక్ష ఫీజు కోసం బియ్యం డబ్బాలో దాచిన డబ్బు రెండుసార్లు పోయింది. ఆ పిల్ల మాతో చెప్పిన దాంట్లో తప్పింది ఒక్క అక్షరమే: ఒంట్లో కాదు, ఇంట్లో. అది కనిపెట్టలేకపోయింది ముప్పై ఏళ్ళు పిల్లల మొహాలు చూసిన మేము. ఆమె చదువు అంతటితో ఆగింది.

ఈ ఏడాది సర్వసభ్య సమావేశంలో, మత్తు వల్ల చదువు దెబ్బతిన్న కాలేజీ విద్యార్థులకు విడిగా ఒక స్కాలర్‌షిప్ పెడదామన్న ప్రతిపాదన వచ్చింది. దాతల్లో కొందరు సందేహాలు అడిగారు. అడగాల్సిన సందేహాలే. వాటికి జవాబు వెతుకుతూ మేము చదివినదీ, విన్నదీ, ఆలోచించినదీ ఇక్కడ పెడుతున్నాం.

"మనవాళ్ళలో అది ఎంతమందికి ఉంటుందిలెండి" అన్నారు ఒక పెద్దమనిషి. హరామ్ అని తెలిసిన సమాజంలో తాగుడు తక్కువ ఉంటుందన్నది నిజమే కావచ్చు, దాచడం మాత్రం ఎక్కువ ఉంటుంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు చేసిన దేశవ్యాప్త సర్వే నివేదిక 2019లో వచ్చింది. 10 నుంచి 75 ఏళ్ళ వయసువాళ్ళలో 14.6 శాతం మంది, అంటే దాదాపు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారని అందులో ఉంది. గంజాయి, భంగు వంటివి వాడేవాళ్ళు 2.8 శాతం. మమ్మల్ని ఎక్కువ ఆపింది ఇంకో లెక్క: మద్యానికి బానిసలైనవాళ్ళలో ఏదో ఒక రకం చికిత్స అందింది 38 మందిలో ఒక్కరికి. తక్కిన 37 మంది ఇళ్ళల్లో కూడా పిల్లలుంటారు, వాళ్ళూ ఏదో ఒక కాలేజీకి పోతుంటారు.

మన రెండు ఊళ్ళ సంగతి దాతలకు మేము చెప్పనక్కర్లేదు. 2011 జనాభా లెక్కల్లో ఆదోని పట్టణం 1,66,344, ఎమ్మిగనూరు 95,149. ఒకటి పత్తి మిల్లుల ఊరు, ఒకటి మగ్గాల ఊరు. రెండింటిలోనూ కూలి ఏ రోజుకారోజు, లేదా వారానికోసారి చేతికొస్తుంది. చేతికొచ్చిన చోటుకూ ఇంటికీ మధ్య దుకాణం ఉంటుంది. కర్ణాటక సరిహద్దు దగ్గర కావడంతో అటునుంచి వచ్చే మద్యం ప్యాకెట్ల గోల వేరు. వానలు మొహం చాటేసిన ఏడు కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు మిరపకాయ కోతకు గుంటూరు పోతాయి. కాలేజీలో చేరిన పిల్లవాడు ముసలి నాయనమ్మతోనో, ఒంటరిగానో ఇంట్లో మిగులుతాడు. సాయంత్రం ఆ ఇల్లు స్నేహితులకు అడ్డా అవుతుంది. మొదట గుట్కా, తర్వాత బీరు, తర్వాత ఎవడో తెచ్చిన గంజాయి. లేదంటే ఫోన్లో క్రికెట్ పందేలు. మద్యాన్నీ జూదాన్నీ ఖురాన్ ఒకే చోట కలిపి నిషేధించిందని మదర్సా పిల్లలు కూడా చెబుతారు, ఇప్పుడు ఆ రెండూ ఒకే జేబులో ఉంటున్నాయి.

కాబట్టి మత్తు వల్ల దెబ్బతిన్న విద్యార్థి అంటే రెండు రకాలు. ఒకరు తాము ఎన్నడూ ముట్టకుండా తండ్రి వల్లో అన్న వల్లో నష్టపోయినవాళ్ళు. రెండోవాళ్ళు తామే అలవాటులో పడి, బయటికి రావాలని చూస్తున్నవాళ్ళు. మా అంచనాలో మొదటి రకమే ఎక్కువ, వాళ్ళలోనూ ఆడపిల్లలు ఎక్కువ. సమావేశంలో చర్చ అంతా రెండో రకం గురించే నడిచింది.

ఇప్పుడున్న సాయాలన్నీ మంచి ఉద్దేశంతో పెట్టినవే, కానీ ఈ పిల్లలు వాటికి అందరు. ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంటుకు 75 శాతం హాజరు కావాలి. ప్రైవేటు ట్రస్టులు 'అన్ని పేపర్లూ ఒకేసారి పాసై ఉండాలి' అంటాయి. మన ఫారంలో కూడా ఆ గడి ఉంది. తండ్రి తాగి గొడవ చేసిన మర్నాడు పిల్ల కాలేజీకి రాదు. హాజరు తగ్గితే ఫీజు రాదు, ఫీజు రాకపోతే హాల్ టికెట్ రాదు. ఆ సెమిస్టరు పోయాక మార్కుల జాబితా అడిగే ప్రతి చోటా తలుపు మూసుకుంటుంది. మత్తు చేసిన నష్టాన్నే అనర్హతగా రాసుకుంటున్నాం మనం.

ఈ స్కాలర్‌షిప్‌లో అందుకే మార్కుల గడి తీసేయాలని మా సూచన. దాని బదులు ఒకే ప్రశ్న ఉండాలి: ఈ విద్యార్థి కాలేజీలో ఉన్నాడా, లేక తిరిగి చేరుతున్నాడా? పాత హాజరు చూడొద్దు. సాయం మొదలైన నెల నుంచి హాజరు చూద్దాం. చదువు చెప్పే ఒక అధ్యాపకుడు, లేదా ఇంటర్లో చెప్పినవాళ్ళయినా సరే, 'ఈ పిల్లవాడు నాకు తెలుసు' అని ఒక వాక్యం రాసిస్తే చాలు. ఎందుకు వెనకబడ్డాడో ఆ కాగితంలో రాయనక్కర్లేదు.

ఇక డబ్బు చేతికిస్తే ఏమవుతుందన్న భయం. అది సహేతుకమే. బియ్యం డబ్బా కథ చెప్పినవాళ్ళం మేమే. సప్లిమెంటరీ ఫీజు, హాజరు తక్కువైనవాళ్ళు కట్టే కండోనేషన్ ఫీజు, తిరిగి చేరే ఫీజు సొసైటీయే కాలేజీకి కట్టాలి. బస్సు పాసు ఆర్టీసీ కౌంటర్లో, హాస్టల్ మెస్ బిల్లు హాస్టల్లో, మందులు దుకాణంలో కట్టాలి. ఎమ్మిగనూరువాళ్ళకు ఈ పద్ధతి కొత్త కాదు. మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టినప్పుడు నేతగానికి దానం పంచలేదు. నూలిచ్చారు, బట్ట తీసుకున్నారు, కూలి కట్టారు. సాయం వస్తువు రూపంలో పనికి చేరింది, మనిషి చెయ్యి చాచాల్సిన అవసరం రాలేదు.

అయితే జకాత్ సొమ్ము విషయంలో ఇక్కడొక మెలిక ఉంది. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం జకాత్ చెల్లాలంటే తమ్లీక్ జరగాలి, అంటే అర్హుడైన మనిషిని ఆ సొమ్ముకు యజమానిని చేయాలి. మనం నేరుగా కాలేజీకి కట్టేస్తే యజమాని అయింది ఎవరు? దీనికి దారి వకాలత్. 'నా తరఫున జకాత్ స్వీకరించి, నా ఫీజు కట్టే అధికారం సొసైటీకి ఇస్తున్నాను' అని విద్యార్థి సంతకం చేస్తే ఆ ఇబ్బంది తొలగుతుంది. దరఖాస్తులోనే ఈ వాక్యం అచ్చు వేయాలి. మరో సంగతి: 'తండ్రికి ఆటో ఉంది, సొంతిల్లు ఉంది కదా' అని కొన్ని ఫారాలు పక్కన పెడుతుంటాం. యుక్తవయసు వచ్చిన పిల్లల విషయంలో చూడాల్సింది వాళ్ళ సొంత స్థితి. తండ్రి ఉన్నవాడైనా, తన దగ్గర నిసాబ్ లేని వయోజనుడు జకాత్‌కు అర్హుడే. తాగే తండ్రి ఆస్తి ఆ పిల్లలకు ఏపాటి అక్కరకొస్తుందో వేరే చెప్పాలా! ఈ రెండింటి మీదా ముఫ్తీ సాహెబుల నుంచి రాతపూర్వకంగా ఫత్వా తీసుకున్నాకే నిధి తెరవాలని మా మనవి. సదఖా, లిల్లా సొమ్ముకు ఈ నిబంధన లేదు. దాన్ని విడి ఖాతాలో ఉంచితే, ఎమ్మిగనూరు మగ్గాల వీధుల్లోని పిల్లలకు మతం అడగకుండా ఇవ్వొచ్చు. తాగుడు మతం అడిగి ఇంట్లోకి రాలేదు.

'ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదివినవాడికి లేదు, చెడిపోయినవాడికి స్కాలర్‌షిప్పా?' అన్నారు మరొకరు. అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇదే, దీనికి పూర్తి జవాబు మా దగ్గర లేదు. ప్రతిభా స్కాలర్‌షిప్ నిధి నుంచి ఒక్క రూపాయి కూడా ఇటు మళ్ళించకూడదు. అది మొదటి షరతు. అలవాటు మానినందుకు బహుమతిగా ఏమీ ఇవ్వకూడదు. తిరిగి తరగతిలో కూర్చోవడానికి అయ్యే ఖర్చు మాత్రమే ఇవ్వాలి. ఆ పైన మేము చెప్పగలిగింది ఒకటుంది. మద్యం తాగి మళ్ళీ మళ్ళీ పట్టుబడి శిక్ష పొందిన ఒక మనిషిని సహాబాల్లో ఒకరు శపిస్తే దైవప్రవక్త (స) వారించారని, అతనికి అల్లాహ్ మీద, ప్రవక్త మీద ప్రేమ ఉందని చెప్పారని సహీహ్ బుఖారీలో ఉంది. శిక్ష ఆగలేదు, తప్పు తప్పు కాకుండా పోలేదు. మనిషిని మాత్రం జమాత్ బయటికి నెట్టలేదు. మన ఊళ్ళలో గంజాయితో పట్టుబడిన కుర్రాడి పేరు అస్ర్ నమాజుకు తెలిస్తే ఇషా నమాజుకల్లా ఊరంతా తెలుస్తుంది. ఆ తర్వాత వాడితో మాట్లాడేది ఆ గంజాయి స్నేహితులే.

వైద్యం గురించి నాలుగు మాటలు రాయక తప్పదు, ఎందుకంటే ఇక్కడ తెలియక చేసే మంచే ప్రాణం మీదికి తెస్తుంది. రంజాన్ నెల వస్తోందనగా ఒట్టు వేయించి మాన్పించడం మనలో ఉంది. కొందరికి నిజంగానే ఆ నెల మంచి మలుపు. కానీ ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగినవాళ్ళు ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్స్, లేనివి కనిపించడం, మతి తప్పడం జరగొచ్చు. అది చూసి గాలి సోకిందని తాయెత్తుకు పరుగెత్తేవాళ్ళున్నారు. అది చికిత్స లేకపోతే చంపగల స్థితి. దువా చేయండి, కానీ ముందు ఆసుపత్రికి తీసుకుపోండి. రోజూ తాగేవాళ్ళు మానదలిస్తే డాక్టరు చేతుల మీదుగానే మానాలి. కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే మత్తు విముక్తి కోసం 14446, మానసిక సమస్యలకు టెలీమానస్ 14416, రెండూ ఉచితం.

పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి పోనివాళ్ళ కోసం ఒక చట్టం మాట. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. మత్తు పదార్థం వాడినందుకో, కొద్ది మొత్తం దగ్గర ఉన్నందుకో కేసులో పడిన బానిస తనంతట తానుగా ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు వెళ్ళి దాన్ని పూర్తి చేస్తే, అతన్ని ప్రాసిక్యూట్ చేయకుండా ఆ సెక్షన్ కాపాడుతుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మినవాళ్ళకు ఇది వర్తించదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా జబ్బు కిందే లెక్కించి, రోగి వివరాలు గోప్యంగా ఉంచమంటుంది. డాక్టరు దాచాల్సిన దాన్ని సొసైటీ చాటకూడదు కదా.

గోప్యత మాటకు వచ్చాం కాబట్టి, అసలు ఈ వ్యాసం రాయడానికి కారణం చెప్పాలి. మన సావనీరులో ఏటా లబ్ధిదారుల ఫోటోలు వేస్తాం. చెక్కు పట్టుకున్న పిల్లలు, పక్కన శాలువాలతో పెద్దలు. దాతకు తన సొమ్ము ఎక్కడికి పోయిందో చూసుకునే హక్కుంది, ఆ ఫోటోలు చూసి మరో నలుగురు ముందుకొచ్చిన మాట కూడా నిజమే. మేమూ ఆ ఫోటోల్లో నిలబడ్డవాళ్ళమే. కానీ ఈ ఒక్క నిధికి ఆ పేజీ వద్దు. 'మత్తు బాధిత విద్యార్థి' అని కింద రాసి ఒక ఆడపిల్ల బొమ్మ వేస్తే, ఆ పుస్తకం పెళ్ళి చూపుల వేళ ఎవరి చేతిలో ఉంటుందో ఆలోచించండి. అబ్బాయైతే ఉద్యోగానికి పోయిన చోట.

అమెరికాలో ఇలాంటి విద్యార్థులకు తోడ్పడే ఏర్పాట్లు పాతవే. బ్రౌన్ విశ్వవిద్యాలయం 1977లో, రట్గర్స్ 1983లో, టెక్సస్ టెక్ 1986లో మత్తు నుంచి బయటపడుతున్న విద్యార్థుల కోసం ప్రత్యేక కార్యక్రమాలు మొదలుపెట్టాయి. అక్కడి ప్రయత్నాల్లో మనం తీసుకోదగ్గది ఒకటుంది: అలాంటి పిల్లలను ఒంటరిగా వదలకుండా, అదే దారిలో నడిచే మరికొందరితో కలిసి చదువుకునే చోటు చూపడం. తీసుకోకూడనిదీ ఒకటుంది. అక్కడ కొన్ని స్కాలర్‌షిప్‌లు 'మత్తు మీ జీవితాన్ని ఎలా దెబ్బతీసిందో వ్యాసం రాయండి' అంటాయి. బాగా రాసినవాళ్ళకు డబ్బు. ఆ సమాజంలో అది ధైర్యం కింద లెక్క కావచ్చు. మన పిల్లను మాత్రం తండ్రి పరువు కాగితం మీద పెట్టి ఫీజు అడుక్కోమనడం అవుతుంది. పైగా ఎవరి కష్టం గొప్పదో మార్కులేయడం మా వల్ల కాదు.

కాబట్టి మా ప్రతిపాదన ఇది. దరఖాస్తు సాధారణ స్కాలర్‌షిప్ ఫారం రూపంలోనే ఉండాలి, పేరు కూడా మామూలుదే పెట్టాలి. అసలు కారణం ఇద్దరికే తెలియాలి, ఆ ఇద్దరిలో ఒకరు మహిళ కావాలి. రిజిస్టరులో పేరు బదులు నెంబరు. ఆసుపత్రి చీటీ చూసి తిరిగి ఇచ్చేయాలి, జిరాక్సు తీయకూడదు. ఆడిటరుకు కాలేజీ రసీదులు చాలు. సావనీరులో 'ఈ నిధి కింద ఇంతమంది, ఇంత మొత్తం' అన్న ఒక్క పంక్తి. కుడిచేతి దానం ఎడమచేతికి తెలియకూడదన్న హదీసు మన వేదిక మీద ఏటా వినిపిస్తూనే ఉంది. చేతులు రెండూ దాత ఒంటివే అయినా, ఆ గుట్టు వల్ల ఎక్కువ ఊపిరి పీల్చుకునేది తీసుకున్నవాడు.

తిరిగి అలవాటులో పడితే? కొందరు పడతారు. వైద్యులు దీన్ని ఈ జబ్బు స్వభావంగానే చూస్తారు. ఆ సెమిస్టరుకు సాయం ఆపుదాం, పేరు కొట్టేయొద్దు. మళ్ళీ చికిత్సకు పోయి, మళ్ళీ తరగతికి వస్తే మళ్ళీ ఫీజు కడదాం. ఎన్నిసార్లు అన్న ప్రశ్నకు మాలో మాకే ఏకాభిప్రాయం లేదు. రెండుసార్లు అన్నవాళ్ళున్నారు, కోర్సు గడువు ఉన్నంతవరకు అన్నవాళ్ళున్నారు. కమిటీ తేల్చాలి.

మొదటి ఏడాదికి రెండు ఊళ్ళలో కలిపి 10 మంది, ఒక్కొక్కరికి 12 వేలు మించకుండా, మొత్తం 1,20,000 రూపాయలు కావాలని లెక్క వేశాం. ఫీజు నోటీసులు పడేది సెమిస్టరు చివర, మనకు జకాత్ వచ్చేది రంజాన్లో. ఈ రెండూ కలవవు. నోటీసు వచ్చిన వారంలో కట్టకపోతే అపరాధ రుసుము, ఆ తర్వాత ఏడాదే పోతుంది. కాబట్టి సదఖా ఖాతాలో కొంత ఎప్పుడూ చేతికందేలా ఉంచాలని కోశాధికారి గారికి ఇప్పటికే చెప్పాం. సరేనన్నారు.

చివరగా, డబ్బు కన్నా ముందు అవసరమైనది ఒకటి. పక్కింటి అరుగు మీద కూర్చున్న ఆ అమ్మాయికి ఆ రాత్రి కావాల్సింది ఫీజు కాదు, లైటున్న గది. మన సొసైటీ హాలు మీటింగులు లేని రోజుల్లో సాయంత్రం ఆరుకే తాళం పడుతుంది. దాన్ని తొమ్మిదిన్నర దాకా చదువుకునే గదిగా తెరిచి ఉంచొచ్చు, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, ఎందుకొచ్చావని అడగరు. కరెంటు బిల్లు ఒక దాత ఒప్పుకున్నారు. వంతులవారీగా కూర్చోవడానికి పదవీ విరమణ చేసిన ఇద్దరు టీచరమ్మలు సిద్ధంగా ఉన్నారు. తొమ్మిదిన్నరకు ఆడపిల్లలను ఇళ్ళ దగ్గర దించడానికి నమ్మకమైన ఆటో ఒకటి కావాలి. అది ఇంకా కుదరలేదు.